కొలతకు అందే ప్రశ్న

సైన్స్ ఫెయిర్‌కు పేర్లు పంపండని మండలం నుంచి కబురు రాగానే బడిలో మొదట వినిపించే మాట, "సార్, ఏం ప్రాజెక్టు చెయ్యమంటారు?" చాలా బళ్లలో దానికి జవాబు ముందే తయారుగా ఉంటుంది. వంటసోడా, వెనిగర్ పోస్తే పొంగే అగ్నిపర్వతం, థర్మోకోల్ మీద రంగులేసిన జలవిద్యుత్ కేంద్రం, ఇంకుడు గుంత నమూనా, ఈమధ్య కొత్తగా మనిషి దగ్గరికి రాగానే మూత తెరుచుకునే చెత్తబుట్ట. ఇవి చేసిన పిల్లలకు ఏమీ రాదని అనను. వైరు కలపడం వస్తుంది, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం వస్తుంది. కానీ ఆ బల్ల మీద ఉన్న వాటిలో ఒక్కటి కూడా తయారయ్యేనాటికి జవాబు తెలియని విషయం కాదు. అగ్నిపర్వతం పొంగుతుందని చూసేవారికీ చేసేవారికీ ముందే తెలుసు. జవాబు ఎవరికీ తెలియని చోట నిలబడి, కొలిచి, లెక్కగట్టి, నమ్మదగిన మాట ఒకటి చెప్పడమే సైన్స్ పని అయితే ఆ పని పిల్లల చేతికి రాలేదు. టీచర్లూ తల్లిదండ్రులూ ఐడియాల కోసం వెతకడంలో పెట్టే శ్రమంతా వేరే చోట పెట్టాలన్నది ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న విషయం. పిల్లలకు ప్రశ్నలు కొదవ లేదు. వాళ్ల ప్రశ్నలు కొలతకు అందనంత పెద్దవిగా ఉంటాయి, అంతే. వాటిని కొలతకు అందేదాకా చిన్నవి చేయడమే పెద్దలు చేయగల అసలైన సాయం. పత్తి, మిరప పండే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో అలాంటి ప్రశ్నలకు బడి గేటు దాటి ఎంతో దూరం పోనక్కర్లేదు.

ఊళ్లో కనిపించే మామూలు సంగతి సైన్స్‌కు సరిపోతుందా అని అనుమానం ఉంటే ఈ నేల చరిత్రే జవాబు చెబుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. ప్రకాశం జిల్లా పడమటి భాగంగా మనకు తెలిసిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోవే. ఆ వైద్య వ్యాసాన్ని షార్ట్, ఆయన సహచరులు రాయకముందే, దుక్కి దున్నే ఎడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోవడాన్ని రైతులు గమనించారని ఆ వ్యాధి చరిత్ర రాసినవారు చెబుతారు. అంటే మొదట కనిపెట్టింది గొడ్ల వెంట తిరిగే మనుషులు. ఆ తర్వాత నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో కొలిచాకే గమనింపు జ్ఞానంగా మారింది. ఇవాళ తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు బోరు పంపు దగ్గరి మనిషికి పనికొస్తుందంటే, ఎక్కడో ఒకరు కంటికి కనిపించినదాన్ని అంకెగా మార్చినందుకే.

రెండో రుజువు పత్తి చేలలోది, బాధాకరమైనది కూడా. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ ముంచేసింది. అప్పుడే కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా కొట్టడంతో మేలుచేసే పురుగులు చచ్చి, తెల్లదోమ మరింత పెరిగింది. పెట్టుబడి మునిగి, 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. తెల్లదోమను కొంత తట్టుకునే కాంచన అనే ఎల్.కె. 861 రకాన్ని తర్వాత గుంటూరు పక్కనున్న లాం ఫారం శాస్త్రవేత్తలే తెచ్చారు. ఆ విపత్తుకు కారణాలు చాలా ఉన్నాయి, అప్పులూ ధరలూ అందులో పెద్దవి. ఆ విపత్తు మొత్తాన్నీ చేలో లెక్క తీయకపోవడానికి అంటగట్టడం అన్యాయం. అయినా ఒక మాట మిగులుతుంది: మందు ఎప్పుడు కొట్టాలో పక్కచేను చూసి తీర్మానించే అలవాటు ఈనాటికీ పోలేదు. పచ్చదోమ ఆకుకు రెండు దాటితేనే మందు గురించి ఆలోచించమని వ్యవసాయ శాఖ చెబుతుంది. ఆ రెండును లెక్కపెట్టే మనిషి చేలో ఉండాలి కదా. ఎనిమిదో తరగతి పిల్ల ఆ లెక్క తీయగలదు. చేనుకు అడ్డంగా ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడుస్తూ 20 మొక్కల దగ్గర ఆగాలి. ప్రతి మొక్కకూ పైన ఒకటి, నడిమిన ఒకటి, కింద ఒకటి, మూడు ఆకుల అడుగు భాగం మెల్లగా తిప్పి చూడాలి. గబుక్కున తిప్పితే పచ్చదోమలు పక్కవాటంగా జరిగి ఎగిరిపోతాయి, అందుకని పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్లాలి. 60 ఆకుల మీద 90 దోమలు కనిపిస్తే ఆకుకు ఒకటిన్నర. ఆ అంకె ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఫోనులో వెతికినా దొరకదు. ఆ చేనుకు, ఆ పొద్దుకు అది కొత్త జ్ఞానం.

ప్రశ్నను చిన్నది చేయడమంటే ఏమిటో ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. "మిరపకు తెగుళ్లు ఎందుకొస్తన్నాయి సార్?" అని ఒక కుర్రాడు అడిగాడనుకోండి. దానికి జవాబు చెప్పబోతే ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. ఏ తెగులు చూశావురా అని అడగాలి. ముడత అంటాడు. ఆకు అంచులు పైకి దొప్పలా ముడిచాయా, కిందికి వాలి ముడిచాయా? ఆ రోజు తెలియకపోతే మర్నాడు చూసొస్తాడు. పైముడత తామర పురుగులది, కింది ముడత నల్లిది అని ఈ జిల్లాల రైతులందరికీ తెలుసు, కుర్రాడికీ వాళ్ల నాన్న చెప్పే ఉంటాడు. పైముడతే అని తేలితే ప్రశ్న సగానికి సగం చిక్కినట్టే. 2021లో కొత్త రకం నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటలను పీల్చేసినప్పటి నుంచి ఈ పురుగు పేరు ప్రతి ఇంట్లోనూ తెలుసు. అది ఆకులకంటే పూలలో గుంపులుగా ఉంటుంది. పువ్వును తెల్లకాగితం మీద తట్టితే మిల్లీమీటరు పొడవున్న నల్లని గీతలు రాలి, కాసేపటికి కదలడం మొదలుపెడతాయి. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోను కెమెరాలో పెద్దది చేసి చూడొచ్చు. ఇప్పుడు ప్రశ్న మరికాస్త కుదించవచ్చు: తామర పురుగులకు నీలం జిగురు అట్టలు పెట్టమంటారు, తెల్లదోమకు పసుపువి పెట్టమంటారు, మరి మా తోటలో తామర పురుగులు ఏ రంగుకు ఎక్కువ పడుతున్నాయి? ఇది కొలతకు అందింది. నీలం, పసుపు, తెలుపు అట్టలు ఒకే కొలతకు కత్తిరించి, ఆముదం పూసి, మొక్క తల ఎత్తులో కర్రకు కట్టి, మర్నాడు అదే వేళకు లెక్కపెట్టడమే పని.

ఇక్కడే ప్రాజెక్టు ప్రయోగంగా మారుతుంది. ఇక్కడే సాయం చేసే పెద్దలు ఎక్కువగా తొందరపడతారు. మూడు అట్టలు మూడు చోట్ల కట్టి ఒక్క రోజు లెక్క తీస్తే, రంగు వల్ల తేడా వచ్చిందో చోటు వల్ల వచ్చిందో చెప్పలేం. ఒక అట్ట కాలవ గట్టు పక్కన ఉండొచ్చు, ఇంకొకటి గాలివాటున ఉండొచ్చు. అందుకే మొదటిరోజు ఏ రంగు ఎక్కడన్నది చీట్లు వేసి తేల్చి, రెండో రోజు, మూడో రోజు చోట్లు మార్చాలి. మూడు రోజుల్లో ప్రతి రంగూ ప్రతి చోటా ఒకసారి నిలబడాలి. నీలం మీద 41, 37, 52 పడ్డాయి, పసుపు మీద 19, 44, 23 పడ్డాయి అనుకుందాం. సగటు చూస్తే నీలానికి 43, పసుపుకు 29 దాకా వస్తుంది. కానీ రెండో రోజు ఒక్కటే చూసినవాడు పసుపే మేలు అని రాసుకుని వెళ్లిపోతాడు. ఒక్క లెక్కను నమ్మకూడదన్న పాఠం దీనికంటే బాగా చెప్పే మార్గం నాకు తెలియదు. ఇదేమీ పిల్లల కోసం తేలిక చేసిన పద్ధతి కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో 1920లలో రోనాల్డ్ ఫిషర్ పొలం మడుల మీద పని చేస్తూ కట్టిన పద్ధతి ఇదే: ఒక మడి పక్కమడిలా ఉండదు కాబట్టి మళ్లీ మళ్లీ చేయాలి, ఏది ఎక్కడన్నది చీటీకి వదిలేయాలి. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసినవాడు మన తెలుగువాడు సి.ఆర్. రావు. ప్రపంచమంతా వాడే ఈ ప్రయోగ పద్ధతికి పొలం మడులే పుట్టినిల్లు అని పిల్లలకు చెబితే, తాము చేస్తున్న పని మీద వాళ్లకు గౌరవం కలుగుతుంది.

ప్రశ్న కుదిరిన తర్వాత మొదట చూడాల్సింది క్యాలెండరు. జిల్లా స్థాయి ప్రదర్శనలు సాధారణంగా చలికాలంలో వస్తాయి. పత్తి జూన్, జులైలలో వేస్తారు, ఆగస్టు, సెప్టెంబరులో రసం పీల్చే పురుగులు, అక్టోబరు నుంచి కాయ పగలడం, తీతలు. కాబట్టి బడి తెరిచిన వారంలోనే ప్రశ్న పట్టుకుంటే పత్తి మీద నాలుగు నెలల లెక్కలు తీయడానికి వీలుంది. మిరప నాట్లు ఆగస్టు, సెప్టెంబరులో పడతాయి, కోతలు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. మిరప కాయ మీద చేసే ప్రాజెక్టు ఈ ఏడు ఫెయిరుకు అందదు, పై ఏడాదికే. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో మంచి ప్రశ్నలు నవంబరులో పుట్టి నవంబరులోనే పోతాయి. ఏడో తరగతిలో కాయ ఎండబెట్టడం గమనించిన పిల్ల ఎనిమిదో తరగతిలో ప్రాజెక్టు పెట్టుకుంటే తప్పేమీ లేదు, పైగా అంత వ్యవధి ఉన్న పనికి లోతు వస్తుంది.

ఆ ఎండబెట్టడం గురించే కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ నేలకు ఇంతకంటే తగిన ప్రాజెక్టు అరుదు. ఆసియాలోనే పెద్దదని పేరున్న గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పగానే కొనేవాడు చేత్తో పట్టి చూసేది తేమ, రంగు, తాలు. కల్లంలో నేల మీద పోసిన కాయకు అడుగున తడి తగిలి బూజు పడితే ధర పడిపోతుంది. ఆస్పర్జిల్లస్ జాతి బూజులు కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి, ఎగుమతి సరుకును తిప్పి పంపించే కారణాల్లో అదొకటి. మరి నేల మీద, పట్టా మీద, గాలి ఆడేలా ఎత్తున కట్టిన వల మీద ఆరబెడితే కాయ ఎన్ని రోజులకు ఎండుతుంది? ఒకే కోత నుంచి తీసిన పండు కాయలను కిలో చొప్పున తొమ్మిది వాటాలు చేసి, ఒక్కో పద్ధతికి మూడేసి ఇచ్చి, రోజూ సాయంత్రం ఒకే వేళకు తూకం వేయాలి. లెక్క ఎలా నడుస్తుందో చూడండి. పండు కాయలో నూటికి 70 పాళ్లు నీరనుకుంటే కిలోలో ఎండు పదార్థం 300 గ్రాములే. తేమ 10 శాతానికి దిగిందంటే ఆ 300 గ్రాములు మొత్తం బరువులో 90 శాతమన్నమాట, అంటే తూకం సుమారు 333 గ్రాములు చూపాలి. 70 పాళ్లన్నది ఊహ కాకుండా ఉండాలంటే, వేరుగా ఓ వంద గ్రాముల కాయ ముక్కలుగా కోసి, బరువు ఇక తగ్గదనేదాకా ఎండనిచ్చి తూచాలి; ఎండలో కాస్త తేమ ఎలాగూ మిగులుతుంది కాబట్టి వచ్చేది దగ్గరి అంచనా మాత్రమే. శాతాల లెక్క పుస్తకంలో చేసినప్పుడు విసుగు పుట్టిన పిల్లలకు ఈ 333 ఎలా వచ్చిందో ఒకసారి బోధపడితే మర్చిపోరు. రాత్రి మంచు సంగతి కూడా రాసుకోవాలి. రైతులు సాయంత్రం కాయను రాశిగా పోసి పట్టా కప్పుతారు, అది తొమ్మిది వాటాలకూ ఒకేలా చేయాలి, లేకపోతే పోలిక చెడుతుంది.

అందరి ఇంటా పొలం ఉండదు, కౌలు చేసేవారి పిల్లలూ కూలికి పోయేవారి పిల్లలూ పట్నం పిల్లలూ ఉంటారు. వాళ్లకు మట్టి ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుని వేసవిలో కాలు దిగేంత నెరియలు విచ్చుతుంది. 20 సెంటీమీటర్ల పొడవున్న రేకు తొట్టిలో నల్లరేగడి ముద్ద నింపి ఎండాక ఎంత పొడవు మిగిలిందో స్కేలుతో కొలిచి, పడమటి ఎర్రనేల మట్టితో పోలిస్తే, ఊళ్లో గోడలు ఎందుకు బీటలు వారుతున్నాయో అర్థమయ్యే ప్రాజెక్టు తయారవుతుంది. విత్తనం ఉంది: ప్యాకెట్ మీద అచ్చేసిన మొలక శాతాన్ని తడిగుడ్డలో వంద గింజలు చుట్టి పరీక్షించడానికి వారం, పది రోజులు చాలు. కనిగిరి వైపు పిల్లలకు బోరు నీళ్లున్నాయి. ఇవన్నీ మంచివే. వద్దనాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయి, అది చెప్పే ధైర్యం టీచరుకు ఉండాలి. తేజ కారమా, బ్యాడిగి కారమా, ఎంత కారం అన్నది అందరికీ ఇష్టమైన ప్రశ్న. 1912లో విల్బర్ స్కోవిల్ దాన్ని నాలుకలతో కొలిచాడు, ఇవాళ ప్రయోగశాల యంత్రాలతో కొలుస్తున్నారు. బడిలో ఈ రెండూ కుదరవు, పిల్లల నాలుకల మీద ప్రయోగం అసలే వద్దు.

ఇప్పుడు ఎదురయ్యే అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, ఇలాంటివి బహుమతి తేవు, తళుకు ఉన్నవే గెలుస్తాయని. కొన్ని బల్లల దగ్గర అది నిజమే కావచ్చు. కానీ పోటీల అసలు నిబంధనలు చదివితే వేరే సంగతి తెలుస్తుంది. 1993లో దేశవ్యాప్తంగా మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలను అడిగింది తమ చుట్టుపక్కల సమస్య మీద స్వయంగా చేసిన అధ్యయనం, రోజువారీ నోటు పుస్తకం, మాతృభాషలోనైనా సరే రాసిన నివేదిక. ఇన్‌స్పైర్ మానక్ పథకం ఆరో తరగతి నుంచి పిల్లల ఆలోచనలను కోరి, ఎంపికైనవారి ఖాతాలో 10,000 రూపాయలు వేస్తుంది. అది చూసేది కొత్తదనం, సమాజానికి ఉపయోగం, పర్యావరణానికి హాని లేకపోవడం, వాడటంలో తేలిక, ఇప్పుడున్న వాటికంటే మెరుగా కాదా అని. పక్కవాటికంటే మెరుగని చెప్పాలంటే పోల్చి కొలవాల్సిందే కదా. కాయ ఆరబెట్టే వల మంచం తెచ్చిన పిల్ల దగ్గర తొమ్మిది వాటాల తూకాల పట్టిక ఉంటే, ఏ జడ్జి ప్రశ్నకూ తడుముకోదు. కొన్న నమూనా తెచ్చిన పిల్లవాడు రెండో ప్రశ్నకే అమ్మానాన్నల వంక చూస్తాడు.

రెండోది, బడిలో ల్యాబ్ లేదు, టీచరుకు వ్యవసాయం తెలియదు అని. పైన చెప్పిన పనులకు వంటింటి డిజిటల్ త్రాసు, స్కేలు, భూతద్దం, రంగు అట్టలు, ఆముదం, ఒక నోటు పుస్తకం మించి ఏమీ అక్కర్లేదు. తెలియనితనం ఇక్కడ అడ్డు కూడా కాదు. జవాబు తెలిసిన టీచరు తెలియకుండానే పిల్లల లెక్కను ఆ జవాబు వైపు నెడతారు. పురుగు పేరు గుర్తుపట్టడానికి, పద్ధతి సరిచూసుకోవడానికి మాత్రం తెలిసినవారి సాయం కావాలి. ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది, దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, లాంలో పరిశోధన స్థానంతో పాటు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉంది. ఇంత దగ్గరలో పత్తి, మిరప శాస్త్రవేత్తలున్న పిల్లలు దేశంలో ఎందరుంటారు? పోయేటప్పుడు "ప్రాజెక్టు చెప్పండి" అని చేతులు చాపుకుని పోకుండా, నెల రోజుల లెక్కలు రాసిన పుస్తకం పట్టుకుని పోవాలి. అంకెలు తెచ్చిన పిల్లలతో శాస్త్రవేత్తలు కూర్చుని మాట్లాడతారు.

మూడో అభ్యంతరం తల్లిదండ్రులది, దానికి బరువు ఎక్కువ. "మేము పడ్డ పాట్లు వాడు పడకూడదనే చదివిస్తున్నాం, మళ్లీ ఆ మట్టిలోకే పంపుతారేంటి మేడమ్?" ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మిరప కోతల నాళ్లలో పిల్లలు బడి మానేసి కూలికి పోయే ఊళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. ప్రాజెక్టు పేరుతో ఆ పనికి ఒక గంట కూడా కలవకూడదు: పిల్లలు చేలోకి పోయేది లెక్కకు, కూలికి కాదు. పొద్దున అరగంట, సెలవు రోజు గంట, అంతకు మించితే ప్రశ్న ఇంకా పెద్దదిగా ఉందని అర్థం, మళ్లీ చిన్నది చేయాలి. ఇక చదువు పొలం నుంచి బయటపడటానికే అన్న మాటకు జవాబు, కొలవడం నేర్చినవాడు ఎక్కడికైనా పోగలడు. తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు పనిని, నలుగురూ చిన్నచూపు చూసే పనిని, రసాయన శాస్త్రంగా పట్టుకుని మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను ప్రపంచానికి తెలిసేలా చేశారు. 2021లో వైద్యంలో నోబెల్ పంచుకున్న డేవిడ్ జూలియస్ శరీరం వేడిని ఎలా గుర్తిస్తుందో కనిపెట్టడానికి వాడుకున్నది మిరపకాయలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌నే. మిరప తోటలో అడిగిన ప్రశ్న పిల్లను తోటకు కట్టిపడేయదని తల్లిదండ్రులకు ఈ రెండు పేర్లతో చెప్పవచ్చు. మేడమ్ చెప్పిందానికంటే పిల్ల తీసిన లెక్క ఇంట్లో ఒకసారి పనికొస్తే వాళ్లు ఇంకా బాగా నమ్ముతారు.

భద్రత విషయంలో మాత్రం బేరం లేదు. మందు కొట్టడం, మందు కలపడం, ఖాళీ డబ్బాలు ముట్టుకోవడం ఏ పిల్లవాడి ప్రాజెక్టులోనూ ఉండకూడదు. ఏ మందు బాగా పనిచేస్తుంది అన్న ప్రశ్నను అక్కడే ఆపేయాలి, అది ఎంత ఆసక్తిగా ఉన్నా సరే. చేలోకి అడుగుపెట్టే ముందు రైతును, ఆఖరిసారి ఎప్పుడు ఏం కొట్టారని అడగాలి, మందు కొట్టాక ఆగమని డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా ఆ చేను జోలికి పోకూడదు. ఎర్ర త్రికోణం ఉన్న డబ్బా అంటే అత్యంత విషమని పిల్లలందరికీ తెలిసుండాలి. ఒంటరిగా ఎవరూ పోకూడదు, కాళ్లకు బూట్లు ఉండాలి, వచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. కాయ తూచిన చేతులతో కళ్లు నలుపుకుంటే ఎంత మండుతుందో ఈ ప్రాంతం పిల్లలకు చెప్పనక్కర్లేదు. బూజు పట్టిన కాయను లెక్కపెట్టి మూత బిగించి పారేయాలి, సీసాలో పెంచి చూపించడం వద్దు. అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్లలో సైతం ప్రమాదకర సూక్ష్మజీవులతో చేసే పనులకు ముందే అనుమతి తీసుకోవాలన్న నియమం ఉంది.

సాయం ఎంతవరకు అన్నది టీచర్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయం. ప్రశ్న కుదించడంలో, పద్ధతిలో లోపం పట్టుకోవడంలో, భద్రతలో ఎంతైనా సాయం చేయొచ్చు. అంకెలు రాయడంలో, వాటి అర్థం చెప్పడంలో వేలు పెట్టకూడదు. నోటు పుస్తకం పెన్నుతో రాయించాలి, తప్పు వస్తే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, చింపి తిరగరాయకూడదు. వాన పడి ఒక రోజు లెక్క తప్పిపోతే "వాన, లెక్క తీయలేదు" అనే రాయాలి. ఆ ఖాళీని అందంగా నింపిన రోజున పిల్లవాడు నేర్చుకునేది సైన్స్‌కు సరిగ్గా వ్యతిరేకమైన పని. నీలం, పసుపు అట్టలకు తేడా ఏమీ రాకపోతే పిల్లలు దిగులుపడి, ప్రాజెక్టు ఫెయిలైందంటారు. అప్పుడు టీచరు పక్కన కూర్చుని, "ఈ తోటలో, ఈ మూడు రోజుల్లో తేడా కనిపించలేదు" అన్న వాక్యం రాయించాలి. రంగు అట్టలు కొనబోయే రైతుకు అది కూడా కావాల్సిన సమాచారమే.

ప్రదర్శన రోజుకు చార్టు ఒక్కటి చాలు: పైన ప్రశ్న, కింద పద్ధతి రెండు వాక్యాల్లో, నడిమిన పట్టిక, ఇంకా తెలియనిది ఒక వాక్యం. దాని పక్కన అతుక్కున్న పురుగులతో సహా అట్టలు, తూకాల పుస్తకం, పిల్లల చేతిరాతలోనే. ఫెయిరు ముగిశాక ఇంకో పని మిగులుతుంది, చాలా బళ్లు దాన్ని చేయవు. చేను ఇచ్చిన రైతుకు, రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికి ఆ లెక్కలు చూపించి రావాలి. మందు కొట్టండి, కొట్టకండి అని పిల్లలు సలహా చెప్పకూడదు, అంకె చెబితే చాలు. పుస్తకం బడి బీరువాలో ఉంచి, మరుసటి జూన్‌లో కొత్తగా ఎనిమిదిలోకి వచ్చిన పిల్లల చేతికిచ్చి, అదే చేలో, అదే 20 మొక్కల పద్ధతిలో లెక్క మళ్లీ తీయించాలి. రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి, తేడా వాన వల్ల వచ్చిందా, విత్తనం మారినందుకు వచ్చిందా, పక్కచేలో కంది వేసినందుకు వచ్చిందా అని వాళ్లు అడగడం మొదలుపెడతారు. వాటిలో ఒకదాన్ని పట్టుకుని టీచరు మళ్లీ చిన్నది చేయాలి.